పాపాయి తట్టిన తలుపు

మొగదిబ్బలో దీపాలు పెట్టాక పాత షెల్టర్ పక్కనుంచి ఒంటరిగా ఎవరూ నడవరు.

తప్పక నడవాల్సొస్తే నోరు మూసుకుని, తల దించుకుని గబగబా దాటేస్తారు. వెనకనుంచి ఎవరు పిలిచినా పలకరు. పేరుపెట్టి పిలిచినా సరే.

యానాం దాటి ఇంకా కిందికి వెళ్తే, గోదావరి పాయ సముద్రంలో పడే మొగ దగ్గర ఉంటుంది ఆ ఊరు. ఊరంటే ఎంత... ఓ యాభై గడప. రోడ్డు దిగి సరుగుడు తోటలోంచి నడిచొస్తుంటే, తోట అయిపోయి ఊరు మొదలయ్యేలోపు, ఉప్పుగాలికి నల్లబడిపోయిన గుండ్రటి కాంక్రీటు కట్టడం ఒకటి కనిపిస్తుంది. తుఫాన్లలో జనం తలదాచుకోడానికని ఎప్పుడో కట్టింది. తొంభై ఆరు తుఫాను తర్వాత దాంట్లో ఎవరూ కాలు పెట్టలేదు. కొత్త షెల్టర్ రోడ్డు మీద కట్టుకున్నారు. పాతదాన్ని పడగొట్టడానికి మాత్రం ఊళ్ళో ఒక్కరికీ చేతులు రాలేదు.

ముసురు పట్టిన సాయంత్రాల్లో దాని ఇనప తలుపు మీద చప్పుడవుతుందంటారు. అరచేత్తో బాదినట్టు — దబ్... దబ్...

ఆ తర్వాత ఓ ఆడగొంతు. పాపాయి గొంతంటారు.

"కొబాటొ ఖోలొ... కొబాటొ ఖోలొ..."

ఆ మాట ముసలివాళ్ళకి అర్థమవుతుంది. చిన్నవాళ్ళకి అర్థం కాదు. అడిగితే ముసలివాళ్ళు చెప్పరు.

ఎందుకంటే అది తెలుగు కాదు.

మొగదిబ్బ వాళ్ళ ముత్తాతలు చేపల వెంట ఒడిశా గట్టు నుంచి పడవల్లో దిగొచ్చినవాళ్ళు. ఇళ్ళల్లో వాళ్ళకో మాట ఉంది. ఒడియానే గానీ, ఇన్ని తరాలు గోదావరి నీళ్ళు తాగి, అక్కడివాళ్ళు వింటే గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. దాన్ని వాళ్ళు 'ఆమకథ' అంటారు. మన మాట, అని అర్థం.

ఒకప్పుడు ఊళ్ళో అన్నీ ఆ మాటలోనే జరిగేవి. రేవులో చేపల వేలం ఆ మాటలోనే. వల లాగేటప్పుడు పాడుకునే పదాలు ఆ మాటలోనే. పెళ్ళిళ్ళలో వియ్యపురాళ్ళు ఒకర్నొకరు ఆడిపోసుకునే పాటలూ ఆ మాటలోనే. శనివారం సాయంత్రం రామకోవెల అరుగు మీద ఊరంతా చేరి భజన చేసుకుని, భజన అయ్యాక తగవులు పెట్టుకుని, తగవులు అయ్యాక టీలు తాగి ఇళ్ళకెళ్ళేవాళ్ళు... అదంతా ఆ మాటలోనే.

తర్వాత బడొచ్చింది. బస్సొచ్చింది. పిల్లలకి బయటినుంచి సంబంధాలొచ్చాయి. "మీ ఇళ్ళల్లో ఆ గొణుగుడేంటండీ, ఒక్క ముక్క తెలీట్లేదు" అని వియ్యాలవారు నవ్వారు. అప్పటినుంచీ ఊరికి సిగ్గు పట్టుకుంది. పిల్లల ముందు మాట్లాడ్డం మానేశారు. ఇప్పుడు ఆమకథ నోరారా మాట్లాడేది వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది ముసలివాళ్ళే.

పావని ఆ ఊరికి కోడలిగా వచ్చి రెండేళ్ళయింది.

పాలకొల్లు చేపల బజారులో కొట్టున్న సత్యప్రసాద్ గారి చిన్నమ్మాయి ఆమె. భర్త మురళీకృష్ణ బోటు మీద వేటకెళ్తాడు. వెళ్తే వారం పది రోజుల దాకా రాడు. ఇంట్లో ఉండేది పావని, అత్తగారు బుల్లెమ్మ.

బుల్లెమ్మ సరదా మనిషి. కొత్తలో కోడల్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్కో వస్తువూ చూపించి పేరు చెప్పేది. "ఇది పాణి. నీళ్ళు. ఇది మాఛొ. చేప. ఇది లుణొ. ఉప్పు." పావని తప్పు పలికితే పొట్ట పట్టుకుని నవ్వేది. నాలుగు మాటలు నేర్చుకుని పావని ఊరుకుంది. అవసరం ఏముంది? అత్తగారు తెలుగు శుభ్రంగా మాట్లాడేది.

కిందటి వానాకాలంలో బుల్లెమ్మకి పక్షవాతం తగిలింది. కొన్నాళ్ళకి కాలూ చెయ్యీ స్వాధీనంలోకి వచ్చాయి.

తెలుగు రాలేదు.

మొదట్లో తడబడేది. గ్లాసు అడగబోయి, ఆ మాట ఎక్కడ పెట్టానా అన్నట్టు చుట్టూ చూసేది. చూస్తుండగానే ఒక్క ముక్క కూడా మిగల్లేదు. ఆమకథ ఒక్కటే మిగిలింది. కాకినాడలో చూపిస్తే డాక్టరు, "ఇలా జరుగుతుందమ్మా. ఒక్కోసారి తర్వాత నేర్చుకున్న భాష పోయి, పుట్టి నేర్చుకున్నది ఉండిపోతుంది. ఇంట్లో ఆ భాషలో మాట్లాడుతూ ఉండండి" అన్నాడు.

ఎవరు మాట్లాడాలి? మురళీకృష్ణకే సగం సగం తెలుసు. పావనికి తెలిసింది నీళ్ళు, చేప, ఉప్పు.

ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఎదురెదురుగా. మధ్యలో ఒక్క మాట లేదు.

"ఆకలా అత్తయ్యా? కడుపు నొప్పా? కాలా?" పావని ఒక్కోటీ చూపించి అడిగేది. ఆవిడ తల అడ్డంగా ఊపేది. ఇంకోటి అడిగేది. ఇంకా అడ్డంగా ఊపేది. చివరికి ఆవిడ గోడవైపు తిరిగి పడుకునేది. ఈమె పెరట్లోకెళ్ళి ఏడ్చేది.

మరీ తోచనప్పుడు పావని జానకిరామ్ ఇంటికి పరిగెత్తేది. ఆయన ఒకప్పటి పడవ సరంగు, బుల్లెమ్మకి వరసకి మరిది. ఆమకథ మాట్లాడే మగవాళ్ళలో ఆ వీధిలో మిగిలింది ఆయనొక్కడే. వచ్చి మంచం పక్కన కూర్చుని, వదినతో రెండు మాటలు మాట్లాడి, "వీపు దురదటమ్మా. అంతే" అనేవాడు. అంత చిన్న సంగతి తెలీక అరపూట ఏడ్చినందుకు పావనికి మళ్ళీ ఏడుపొచ్చేది.

ఆ రోజు...

నవంబరు నెల. వాయుగుండం పట్టింది. వేటకెళ్ళిన బోట్లన్నీ వెనక్కి రావాలని ముందురోజే ఫోన్లలో మెసేజీలొచ్చాయి. మధ్యాహ్నానికి ఒక్కొక్కటీ రేవుకి చేరాయి.

మురళీకృష్ణ ఉన్న బోటు రాలేదు. ఫోను చేస్తే — అందుబాటులో లేదని ఒకటే పాట.

ఇంట్లో బుల్లెమ్మ తెల్లారగట్లనుంచే లేచి కూర్చుంది. కళ్ళు వీధి తలుపు మీదే. పావని అటు కదిలితే చెయ్యి గట్టిగా పట్టుకుని లాగేది.

"సే ఆసిఛి," అనేది. మెల్లిగా, ఎవరైనా వింటారేమో అన్నట్టు. "సే ఆసిఛి..."

"వస్తారు అత్తయ్యా," అంది పావని. "ఆయన వచ్చేస్తారు. మీరు కంగారుపడకండి."

బుల్లెమ్మ తల అడ్డంగా ఊపింది. నుదురు కొట్టుకుంది. తలుపు చూపించింది. మళ్ళీ అదే మాట.

ఏమంటోందో పావనికి అంతుపట్టలేదు. జానకిరామ్ ఇంటికెళ్తే తాళం. బోటు సంగతి కనుక్కోడానికి మగవాళ్ళంతా రేవులోనే ఉన్నారు. తిరిగొచ్చి మందుల డబ్బా చూస్తే, బీపీ మాత్రలు ఆ పూటకి కూడా లేవు. పోయిన వారమే చూసుకోవాల్సింది. బోటు బెంగలో మర్చిపోయింది.

రోడ్డు మీదికెళ్ళి, ఆటో ఎక్కి, సెంటర్లో మందుల షాపు నుంచి తెచ్చుకోవాలి.

బయట గొళ్ళెం పెట్టనా అని చూసింది. మనిషిని లోపల పెట్టి గొళ్ళెమా... మనసొప్పలేదు. తలుపు దగ్గరగా వేసి, "పావుగంటలో వచ్చేస్తా అత్తయ్యా," అని చెప్పి బయల్దేరింది. చెప్పింది ఆవిడకి అర్థం కాదని తెలిసే చెప్పింది.

ముసురులో ఆటోలు లేవు. వెళ్ళడమే ఆలస్యమైంది. వచ్చేసరికి దీపాల వేళ దాటిపోయింది. కరెంటు లేదు. తోటలోకి అడుగుపెడితే కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి... సెల్ లైటు వెలుగులో కాళ్ళకింద సరుగుడు పుల్లలు, వాటి మధ్యగా పాక్కుంటూ వస్తున్న నీళ్ళు. పోటు మొదలైనట్టుంది. మొగ పొంగుతోంది.

తోట అయిపోయింది. షెల్టర్ నల్లగా ఎదురొచ్చింది.

పావని తల దించుకుంది. మందుల కవరు గుండెకి హత్తుకుంది. అడుగులు పెద్దవి చేసింది. దాటేసింది... దాదాపు దాటేసింది...

దబ్.

కాళ్ళు ఆగిపోయాయి.

దబ్... దబ్...

అరచేత్తో ఇనుము మీద కొట్టినట్టే ఉంది. గాలా? గాలి అలా ఆగి ఆగి కొట్టదు. పావని ఊపిరి బిగబట్టింది. వాన చప్పుడులోంచి, ఇనప తలుపు వెనకనుంచి, సన్నగా...

ఆడగొంతు.

ఏడుస్తోంది. బతిమాలుతోంది. ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది. ఆ మాట ఏంటో పావనికి తెలీదు. కానీ ఆ బతిమాలడం తెలుసు. ప్రాణం మీదికి వచ్చిన మనిషి తప్ప అలా ఎవరూ బతిమాలరు.

ఎవరని అడగాలని నోటిదాకా వచ్చింది.

పలకకూడదు. పేరుపెట్టి పిలిచినా పలకకూడదు.

పావని పరిగెత్తింది. చెప్పొకటి బురదలో ఉండిపోయింది. వెనక్కి చూడలేదు. ఇంటి అరుగు ఎక్కి, తలుపు తోసి, "అత్తయ్యా!" అని అరిచింది.

మంచం ఖాళీగా ఉంది.

వంటింట్లో లేదు. పెరట్లో లేదు. గోడ పక్కన ఆవిడ చేతికర్ర కూడా లేదు.

వీధిలోకి వచ్చేసరికి రేవు వైపునుంచి టార్చిలైట్లు వస్తున్నాయి. జానకిరామ్, పక్కింటి ప్రేమ్ కుమార్, ఇంకో ఇద్దరు. బోటు జాడ ఇంకా తెలీలేదని వాళ్ళ నడకే చెప్పింది. పావని ఆయన చెయ్యి పట్టుకుంది. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి — అత్తయ్య లేదు, షెల్టర్లో చప్పుడు, ఎవరో ఆడమనిషి...

"ఏమంది?" అన్నాడు జానకిరామ్.

"నాకేం తెలుస్తుంది మావయ్యా! ఆ పాపాయి అనే మాటే అయుంటుంది..."

"చెవిన పడ్డది పడ్డట్టు చెప్పు."

పావని కళ్ళు మూసుకుంది. "ఖోలి... ఖోలి పారుని... అలా."

ఆయన మొహం మారిపోయింది.

"పాపాయి అనేది అది కాదమ్మా. పాపాయి 'కొబాటొ ఖోలొ' అంటది. తలుపు తియ్యమని. ఇది..." షెల్టర్ వైపు తిరిగాడు. "'తియ్యలేకపోతున్నాను' అని. ఇది బయటున్నవాళ్ళ మాట కాదు. లోపలున్నవాళ్ళ మాట. మీ అత్త షెల్టర్లో ఉంది. నడండ్రా!"

నడుస్తూనే చెప్పాడు, ఊరంతా ఇన్నేళ్ళూ చిన్నవాళ్ళకి చెప్పని సంగతి.

పాపాయి బుల్లెమ్మకి తోడబుట్టిన చెల్లెలు. తుఫాను రాత్రి ఊరంతా షెల్టర్లోకి చేరింది. పాపాయి ఇల్లు కాలవ అవతల. నెలల బిడ్డనెత్తుకుని ఆ నీళ్ళలో పడి వచ్చేసరికి తలుపు గడియ వేసేశారు. తలుపు పక్కనే నిలబడింది బుల్లెమ్మ. చెల్లెలి గొంతు విన్నది. గడియ లాగింది.

రాలేదు.

"బయట నీళ్ళు, గాలి... ఏనుగు ఆనుకున్నట్టు తలుపుని నొక్కేశాయి. గడియ బిగుసుకుపోయింది. నేనూ లాగాను. అందరం లాగాం. అది తడుతూనే ఉంది. మేం లాగుతూనే ఉన్నాం. తర్వాత..." ఆయన అడుగుల వేగం పెంచాడు. "తర్వాత తట్టడం ఆగిపోయింది. తెల్లారి నీళ్ళు తీశాక అదే గడియ చిటికెన వేలితో లాగితే వచ్చేసింది. బయట ఎవరూ లేరు."

పావనికి పొద్దుటి మాట గుర్తొచ్చింది. "మావయ్యా, పొద్దున్నుంచీ 'సే ఆసిఛి' అంటోంది. మా ఆయన గురించేమో అని నేను..."

"ఆమె వచ్చింది," అన్నాడు జానకిరామ్. "అలా అంటోందమ్మా మీ అత్త. ఆమె వచ్చింది, అని."

షెల్టర్ దగ్గర నీళ్ళు చీలమండల పైకి వచ్చేశాయి. తలుపు లోపలనుంచి గడియ పెట్టి ఉంది. కిటికీలు పైన ఎక్కడో, ఇనప చువ్వలతో.

లోపల గొంతు వినబడుతోంది. బుల్లెమ్మే. అదే మాట. "ఖోలి పారుని... ఖోలి పారుని..."

"అత్తయ్యా! నేను! పావనిని!"

ఆ గొంతు ఆగలేదు. ఆవిడకి అందే మాట కాదది.

ప్రేమ్ కుమార్ గునపం తెచ్చి తలుపు సందులో దోపి బలంగా తన్నాడు. తలుపు కదల్లేదు. పైన శ్లాబు నుంచి పెద్ద పెచ్చు ఊడి వాళ్ళ ముందే నీళ్ళలో పడింది. లోపల కూడా ఏదో పడింది. బుల్లెమ్మ కెవ్వుమంది.

"ఆపరా!" అరిచాడు జానకిరామ్. "గోడ మొత్తం ఆవిడ నెత్తినే కూలుద్ది."

గునపం వద్దు. గ్యాస్ కట్టర్ తేవాలంటే యానాం వెళ్ళాలి. తెల్లారేసరికి గానీ రాదు. పోటు నీళ్ళు తెల్లారేదాకా ఆగవు. టార్చిలైట్లు పట్టుకుని అంతమంది నిలబడ్డారు. ఎవరికీ చెయ్యడానికి ఏమీ లేదు. గడియ ఆవిడ చేతిలోనే ఉంది. లాగితే వచ్చేస్తుంది. కానీ అది రాదనుకునే లాగుతోంది. ఆవిడకి బయట ఇంకా తొంభై ఆరే.

జానకిరామ్ తలుపుకి నోరు ఆనించి మాట్లాడాడు. తుఫాను లేదని చెప్పాడు. లోపలినుంచి జవాబొచ్చింది. విని ఆయన తలుపు మీద నుదురు ఆనించి అలాగే ఉండిపోయాడు.

"ఏమంటోంది మావయ్యా?"

"'జానకీ, నువ్వు కూడా పట్టుకుని లాగరా' అంటోంది." ఆయన తల పైకెత్తాడు. "ఆవిడ లెక్కలో నేను లోపలే ఉన్నానమ్మా. పక్కనే ఉన్నాను. బయటున్నది ఒక్క పాపాయే. నీళ్ళు పోయాయని చెబితే పాపాయే చెప్పాలి."

అందరూ పావని వంక చూశారు. అక్కడున్న ఆడమనిషి ఆమె ఒక్కతే.

"నాకు రాదు కదా..."

"నేను చెప్తా. నా వెనకాల అను. మూడే ముక్కలు." ఆయన మెల్లిగా విడగొట్టి చెప్పాడు. "నానీ. పాణి గొలాణి. ఖోలొ. అక్కా. నీళ్ళు పోయాయి. తియ్యి. అంతే."

పావని తలుపు దగ్గరికెళ్ళింది. చెంప ఇనుముకి ఆనించింది. మంచులా ఉంది.

"నానీ," అంది. "పాణి గొలాణి. ఖోలొ."

లోపల గొంతు ఠక్కున ఆగిపోయింది.

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవరూ కదల్లేదు.

"మళ్ళీ," గుసగుసగా అన్నాడు జానకిరామ్.

"నానీ... పాణి గొలాణి..."

లోపలనుంచి బుల్లెమ్మ ఏదో అడిగింది. తలుపుకి అవతల, సరిగ్గా పావని చెంప ఎదురుగా నిలబడి అడిగినట్టుంది. పావని మళ్ళీ అంది. మళ్ళీ అడిగింది. మళ్ళీ అంది. తడిసిన భుజాలు కొంకర్లు పోతున్నాయి. చేతులు ఎందుకో విపరీతంగా లాగుతున్నాయి, ఎంతో దూరం బరువు మోసుకొచ్చినట్టు. ఆ మూడు ముక్కలూ నాలుక మీద నలిగి నలిగి తేలికైపోయాయి. ఎంతసేపు అందో తెలీదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయని కూడా తెలీలేదు.

చర్ర్... మని చప్పుడు.

గడియ వచ్చేసింది.

తలుపు సందులోంచి బుల్లెమ్మ కనిపించింది. టార్చి వెలుగులో ఆ మొహం ముసలి మొహంలా లేదు. చేతులు రెండూ గడియ లాగి లాగి దోక్కుపోయి ఉన్నాయి. ఆ చేతులే ముందుకు చాపింది. పావని వాటిని పట్టుకోబోయింది. బుల్లెమ్మ పట్టుకోనివ్వలేదు. పావని గుండెల దగ్గర గాలిలోంచి దేన్నో జాగ్రత్తగా అందుకున్నట్టు అందుకుని, తన గుండెకి హత్తుకుని, పైట కప్పింది.

తర్వాత ఎవరి ఆసరా తీసుకోలేదు. కర్ర ఇస్తే వద్దంది. చేతులు రెండూ అలాగే ముడిచి, సన్నగా ఏదో కూనిరాగం తీసుకుంటూ, నీళ్ళలో ఇంటిదాకా నడిచింది.

"పాపం, మతి లేదు," అన్నారు వెనకున్నవాళ్ళు.

ఇంటికొచ్చాక పావని ఆవిడకి పొడిచీర కట్టింది. చేతులకి పసుపు రాసింది. మాత్రలు మింగించింది. ఎన్నో నెలల తర్వాత మొదటిసారి బుల్లెమ్మ కోడలి మొహంలోకి చూసి నవ్వింది. మంచం మీద ఓ పక్కకి ఒదిగి, రెండో పక్క జాగా వదిలి పడుకుంది. అలా పడుకోగానే నిద్రపోయింది.

అరుగు మీద మగవాళ్ళకి కూడా ఊపిరి తిరిగొచ్చింది. "చూశారా," అన్నాడు ప్రేమ్ కుమార్ తల తుడుచుకుంటూ, "దెయ్యం లేదు పాడూ లేదు. ఇన్నాళ్ళూ గాలికీ, ముసలమ్మకీ భయపడి చచ్చాం." ఒకళ్ళిద్దరు నవ్వారు. బోటు సంగతి ఏదన్నా తెలిస్తే చెప్తామని, ధైర్యంగా ఉండమని చెప్పి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళారు.

జానకిరామ్ వెళ్ళలేదు.

గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. టార్చి ఆర్పలేదు.

"అమ్మాయ్," అన్నాడు చివరికి. "ఈ మాట నీకెవరు నేర్పారు?"

"మీరే కదా మావయ్యా. ఇందాక."

"నేను నేర్పింది మూడు ముక్కలు." ఆయన గొంతు బాగా తగ్గించాడు. "నువ్వు అక్కడ చాలాసేపు మాట్లాడావు. చలేస్తోంది అన్నావు. చేతులు లాగుతున్నాయి అన్నావు. వదిన 'బిడ్డేది' అని అడిగితే... 'ముందు బిడ్డని అందుకో నానీ, వెనకాల నేనొస్తాను' అన్నావు."

పావనికి నవ్వొచ్చింది. భయంతో వచ్చే నవ్వు. "నేనా? నాకు ఆ మూడు ముక్కలు తప్ప ఏమొచ్చు మావయ్యా? అవే మళ్ళీ మళ్ళీ అన్నాను."

ఆయన టార్చి కొంచెం పైకెత్తి ఆమె మొహం చూశాడు. మనిషిని చూసినట్టు చూడలేదు. మనిషిలో ఎవరినో వెతికినట్టు చూశాడు.

"నాకు గుర్తున్న గొంతే," అన్నాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"మావయ్యా, అలా అనకండి. నాకు భయమేస్తోంది. కాసేపు కూర్చోండి..."

ఆమె మాట్లాడుతుంటే ఆయన ఇంకో అడుగు వెనక్కి వేశాడు. అరుగు దిగి, తల దించుకుని, గబగబా వెళ్ళిపోయాడు. ఆమె వెనకనుంచి పిలుస్తున్నా పలకలేదు.

పావని చీకట్లోకి చూస్తూ నిలబడింది. లోపల బుల్లెమ్మ నిద్రలో హాయిగా ఊపిరి తీస్తోంది.

అప్పుడు ఫోను మోగింది.

తెలియని నంబరు. ఎత్తింది.

"హలో... పావనీ?"

మురళీకృష్ణ! అలిసిపోయిన గొంతు. వెనకాల ఎవరెవరో మనుషుల మాటలు. "ఇంజను ఆగిపోయింది. ఇంకో బోటువాళ్ళు లాక్కొచ్చారు. గట్టునున్నాం. అందరం బానే ఉన్నాం. ఇది వేరేవాళ్ళ ఫోను. అమ్మెలా ఉంది?"

పావని గుమ్మంలోనే కూలబడింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

"ఏవండీ! ఎక్కడున్నారండీ? పొద్దుటినుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నానండీ. అత్తయ్య బానే ఉంది. పడుకుంది. మీరు అన్నం తిన్నారా?"

పావని ఫోను చెవికి గట్టిగా ఆనించింది.

"హలో? వినబడుతోందా అండీ?"

"ఆఁ... వినబడుతోంది," అన్నాడు మురళీకృష్ణ. గొంతులో ఇందాకటి చనువు లేదు. "ఎవరండీ మాట్లాడేది?"

"నేనేనండీ!"

"నాకు ఆమకథ అంతగా రాదండీ. కొంచెం తెలుగులో చెప్పండి. ఇంట్లో ఏమన్నా అయిందా? అమ్మ బావుందా?"

పావని చేతిలో ఫోను చల్లగా అయిపోయింది. ఊపిరి తీసుకుంది. చిన్నపిల్లలకి చెప్పినట్టు ఒక్కో అక్షరం జాగ్రత్తగా పేర్చుకుంది. నేను. పావనిని. మీ పావనిని. పైకి అంది.

ఈసారి తన గొంతు తను విన్నది.

"అర్థం కావట్లేదండీ," అన్నాడు అవతల మురళీకృష్ణ, మర్యాదగా, కంగారుగా. "ఫోను ఒకసారి పావనికివ్వండి."